సన్‌స్క్రీన్ ట్యూబు ఎన్నాళ్లు వస్తోంది?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు, టీచర్‌ని. రోజూ స్కూటీ మీద బడికి వెళ్లొస్తాను. రెండేళ్లుగా ఎస్‌పీఎఫ్ 50 సన్‌స్క్రీన్ రాస్తున్నా బుగ్గల మీద మంగు, కళ్ల పక్కన గీతలు పెరుగుతూనే ఉన్నాయి. 50 గ్రాముల ట్యూబు నాలుగు నెలలు వస్తుంది. క్రీము మార్చమంటారా?
– ఓ సోదరి, కాకినాడ

జవాబు: ముందు కొలత మార్చండి. నాలుగు నెలలంటే 120 రోజులు. 50 గ్రాములు అన్నాళ్లు వస్తోందంటే రోజుకి అర గ్రాము కూడా పడటం లేదు. ముఖానికీ మెడకీ కలిపి ఒక్కసారికే దాదాపు 1 గ్రాము కావాలి. చూపుడువేలు, మధ్యవేలు మీద మొదలు నుంచి కొస దాకా రెండు గీతలు పిండితే అంత వస్తుంది. ట్యూబు మీద ఉన్న 50 అనే అంకె చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాములు రాసి కొలిచింది. పల్చగా పులిమితే ఆ రక్షణ దక్కదు.

రెండు వేళ్లదీ ఒకేసారి రాస్తే జిడ్డుగా, తెల్లగా తేలుతుంది. ఒక వేలిది రాసి, అది ఇంకాక రెండోది రాయండి. ఉండలు కడుతుంటే కింద రాసిన మాయిశ్చరైజర్ ఇంకా ఆరలేదన్నమాట, ఐదు నిమిషాలు ఆగండి. చెవులు, మెడ వెనక, హ్యాండిల్ పట్టుకునే చేతుల పైభాగం మరిచిపోవద్దు. వయసు ముందు బయటపడేది అక్కడే. పొద్దున రాసింది సాయంత్రం దాకా నిలవదు. బడి వదిలాక చెమటను రుద్దకుండా అద్ది, మళ్లీ రాసుకుని బండెక్కండి. ఈ లెక్కన ట్యూబు నెల కూడా రాదు. కాబట్టి ఖరీదైన సీరం ఏదైనా వాడుతుంటే మానేసి ఆ డబ్బు దీనికి పెట్టండి.

ఇంకో సంగతి. ఎస్‌పీఎఫ్ అంకె ముఖ్యంగా ఎండలో ఉండి చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాల గురించి చెబుతుంది. లోపలి పొరకు దిగి, చర్మాన్ని బిగుతుగా ఉంచే కొల్లాజెన్ అనే ప్రోటీన్‌ను తెంచి ముడతలు తెచ్చేది యూవీఏ. అది కిటికీ అద్దంలోంచి కూడా వస్తుంది. అందుకే ట్యూబు మీద యూవీఏ నుంచి రక్షణను చెప్పే పీఏ అనే గుర్తు పక్కన మూడు నాలుగు ప్లస్‌లు ఉన్నాయో లేదో చూడండి. మంగుకైతే అదీ చాలదు, మామూలు వెలుగు కూడా దాన్ని ముదరబెడుతుంది. ఐరన్ ఆక్సైడ్ కలిసిన, చర్మం రంగులో ఉండే టింటెడ్ రకం తీసుకోండి. పైన స్కార్ఫ్ ఎలాగూ ఉండాలి.

మందుల షాపులో అడిగి మంగు క్రీము మాత్రం తెచ్చుకోవద్దు. వాటిలో చాలావాటిలో రంగు తగ్గించే హైడ్రోక్వినోన్, చర్మపు పైపొరను రాల్చే ట్రెటినాయిన్‌లతో పాటు మొమెటాసోన్ అనే స్టెరాయిడ్ ఉంటుంది. మొదట్లో ముఖం తెల్లబడి భలే పనిచేసినట్టే ఉంటుంది. నెలల తరబడి వాడితే చర్మం పల్చబడి ఎర్రటి నరాలు తేలతాయి, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. ఇప్పటికే వాడుతుంటే ఉన్నపళంగా ఆపకండి, మంట తిరగబెడుతుంది. చర్మవైద్యులు చెప్పినట్టు తగ్గించుకుంటూ రండి.

ప్రశ్న: ముడతలు రాకుండా రెటినాల్ అనే ఎ విటమిన్ రకం క్రీము మొదలుపెట్టాను. పది రోజులకే ముక్కు పక్కన పొట్టు లేస్తోంది, నీళ్లు తగిలినా మంట. పొట్టు పోవాలని సున్నిపిండితో నలుగు పెడుతున్నాను.
– ఓ పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: నలుగు ఈరోజే ఆపండి. సున్నిపిండి తప్పు కాదు, కానీ మన పెద్దవాళ్లు ఒంటికి నూనె పట్టించాక దాన్ని రుద్దేవారు. పొట్టు లేచిన ముఖం మీద ఆ గరుకు ఉప్పుకాగితమే. రెటినాల్ కూడా ఆపి, మంట పూర్తిగా తగ్గేదాకా సబ్బు లేకుండా సున్నితమైన క్లెన్సర్, మాయిశ్చరైజర్, పగలు సన్‌స్క్రీన్ మాత్రమే వాడండి.

తర్వాత 0.2 లేదా 0.3 శాతం రకంతో వారానికి రెండు రాత్రులే మొదలుపెట్టండి. ముఖం కడిగాక 20 నిమిషాలు ఆరనివ్వండి, తడి మీద మందు ఎక్కువగా ఇంకి మండుతుంది. ముందు మాయిశ్చరైజర్, దానిపై బఠాణీ గింజంత రెటినాల్ ముఖమంతటికీ, మళ్లీ మాయిశ్చరైజర్. కనురెప్పలు, ముక్కు మూలలు, పెదవుల చివర్లు వదిలేయండి. నెల రోజులు ఇబ్బంది లేకపోతే రోజు విడిచి రోజు రాయొచ్చు. గ్లైకాలిక్ ఆసిడ్ లాంటి, పైపొరను రాల్చే ఆమ్లాలు అదే రాత్రి వద్దు. మూడు నెలలకు ముందు తేడా వెతక్కండి. గర్భం కోసం ప్రయత్నిస్తున్నా, గర్భిణి అయినా అసలు వాడకూడదు.

ప్రశ్న: వయసు 55. కొల్లాజెన్ పొడి తాగితే చర్మం బిగుతుగా అవుతుందా? కాళ్ల చర్మం పొలుసులుగా ఉంది.
– ఓ పాఠకుడు, కర్నూలు

జవాబు: తాగిన కొల్లాజెన్ నేరుగా బుగ్గల్లోకి చేరదు. అరిగి అమైనో ఆమ్లాలుగా, చిన్న ముక్కలుగా మారాక శరీరం తనకు కావాల్సిన చోట వాడుకుంటుంది. మా మాటైతే ఆ ఖర్చు గుడ్డుకీ పప్పుకీ పెట్టండి. కొల్లాజెన్ తయారీకి సి విటమిన్ కావాలి, రోజుకో జామకాయ తింటే సరిపోతుంది. పొగ తాగే అలవాటుంటే ముందు అది మానాలి.

పొలుసులకు మాత్రం మందుంది. మరీ వేడినీళ్లు కాకుండా గోరువెచ్చని నీళ్లతో పోసుకుని, ఒళ్లు అద్దుకున్న మూడు నిమిషాల్లోపు తేమ మీదే 10 శాతం యూరియా క్రీము కాళ్లకు రాయండి. పగుళ్లున్న చోట అది మండుతుంది, అక్కడ మానేవరకు పెట్రోలియం జెల్లీ పూయండి.