ముందు నేల కాగితం చూపించు, బుజ్జీ

చిరంజీవి బుజ్జికి,

మీ అమ్మ ఫోన్ చేసింది. మీ క్లబ్బు సొంత స్టేడియం కట్టబోతోందట, ఆ కమిటీకి నువ్వే కన్వీనర్‌వట. మన ఇంట్లో పిల్లాడు ఇంత పని నెత్తికెత్తుకున్నాడా అని కాసేపు ఉబ్బితబ్బిబ్బయ్యాను. పడుకున్నాక మాత్రం నిద్ర పట్టలేదు. "ఐదు వేల సీట్లట అక్కా" అని అది మురిసిపోతూ చెప్పిన మాటే చెవిలో తిరిగింది. మీ మ్యాచ్‌లకి మహా అయితే నాలుగు వందల మంది వస్తారని పోయినసారి ఇంటికొచ్చినప్పుడు నువ్వే కదరా చెప్పావు?

నేను జన్మలో బంతి తన్ననిదాన్ని. అయినా మీ పెదనాన్న క్లబ్బుకి కోశాధికారిగా ఉన్నన్నాళ్లూ పద్దులు రాసింది నేను. సంతకం ఆయనది, లెక్క నాది. కాబట్టి పెద్దమ్మకి ఫుట్‌బాల్ ఏం తెలుసులే అని ఈ ఉత్తరం పక్కన పడేయకు.

తేలికవి ముందు చెప్పేస్తాను. మైదానం పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉండేట్టు చూడండి, లేకపోతే సాయంత్రం ఎండ గోల్‌కీపర్ కళ్లలో పడుతుంది. ఆట స్థలం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు అని కాగితం మీద గీసి జాగా సరిపోయిందని సంబరపడకండి. చుట్టూ వదలాల్సిన ఖాళీ, డ్రెస్సింగ్ రూములు, స్టాండు, బళ్లు పెట్టే చోటు, అంబులెన్సు తిరిగే దారి కలిపితే దానికి రెండింతలు దాటిపోతుంది. ఫ్లడ్‌లైట్ల ధర అందరూ అడుగుతారు, అక్కడిదాకా కరెంటు లాగడానికి ఎంతవుతుందో ఎవరూ అడగరు. అది నువ్వు అడుగు. మీరున్న లీగు, దాని పై లీగు ఎన్ని సీట్లు, ఎంత పైకప్పు అడుగుతాయో రాతలో తెచ్చుకో. మొత్తం అంచనా మీద ఇంకో పదిహేను శాతం పక్కన పెట్టి, దాన్ని మర్చిపో.

నేల కొనేముందు నీళ్ల సంగతి చూసుకో. మీ పెదనాన్న ఏ జాగా చూడ్డానికి వెళ్లినా డిక్కీలో పలుగు, బకెట్టు ఉండేవి. గోల్ పడే చోట మోకాటి లోతు గుంట తవ్వేవారు. బకెట్టెడు నీళ్లు పోసి, అది ఇంకాక మళ్లీ ఇంకో బకెట్టు పోసేవారు, మొదటిది ఎండిన మట్టి ఎలాగూ తాగేస్తుంది కదా. ఆ రెండోసారి నీళ్ల అంచు దగ్గర గుంట గోడ మీద పుల్లతో గీత గీసి, గడియారం చూసుకుంటూ కూర్చునేవారు. ఒకచోట మేం తెచ్చుకున్న భోజనం తినేసి చేతులు కడుక్కున్నా నీళ్లు ఆ గీత దగ్గరే ఉన్నాయి. జాగా అమ్మేవాడు "నిన్ననే వానపడిందండీ" అంటున్నాడు. ఈయన నవ్వి పలుగు కడుక్కుని వచ్చేశారు. అలాంటి బంకమట్టి కింద గొట్టాలు వేసి, ఇసుక, కంకర నింపి బాగుచెయ్యొచ్చు, చెయ్యలేమని కాదు. దానికయ్యే ఖర్చు జాగా ధరలోంచి తగ్గాలి గదా, అదీ ఆయన వాదన.

ఇక సీట్ల సంగతి. ఇక్కడ నిన్ను కాస్త తిట్టాలి. ఇంగ్లండులో డార్లింగ్టన్ అనే ఊరి క్లబ్బు కథ నీకు తెలుసో లేదో, తెలిసినా మళ్లీ చదువు.

ఆ క్లబ్బు 1883 నాటిది. ఫీథమ్స్ అనే పాత మైదానంలో, క్రికెట్ మైదానం పక్కన, ఆడుకుంటూ ఉండేది. నాలుగో అంచె లీగు. సగటున నాలుగు వేల మంది కూడా వచ్చేవారు కాదు. 1999లో జార్జ్ రేనాల్డ్స్ అనే వ్యాపారి క్లబ్బు కొని పాత అప్పులు తీర్చాడు. అందరూ దేవుడొచ్చాడన్నారు. ఆ దేవుడు ఊరి అంచున 25,000 సీట్ల స్టేడియం కట్టి, దానికి తన పేరే పెట్టుకున్నాడు. లోపల ఎస్కలేటర్లు కూడా పెట్టించాడు! 2003 ఆగస్టులో మొదటి మ్యాచ్‌కి 11,600 మంది వచ్చారు. కొత్తది కదా, చూసిపోదామని వచ్చినవాళ్లు. అంతమంది వచ్చినా సగానికి పైగా సీట్లు ఖాళీ. ఆ డిసెంబరుకే క్లబ్బు దివాలా అంచుకొచ్చి, కోర్టు పద్ధతి ప్రకారం బయటి నిర్వాహకుల చేతికి పోయింది. తెరిచి నాలుగు నెలలు నిండాయో లేదో.

ఇది అత్యాశ కథ అని అందరూ అంటారు. నేను పద్దులు రాసినదాన్ని కాబట్టి నాకు వేరేగా కనిపిస్తుంది. జనం రాని సీటు ఊరికే ఉండదురా. దాన్ని తుడవాలి, దాని పైకప్పుకి రంగు వెయ్యాలి, దాని కింద మెట్లకి దీపాలు వెలగాలి, దానికి బీమా కట్టాలి, దాని కోసం తెచ్చిన అప్పు మీద వడ్డీ ఆదివారం కూడా నడుస్తుంది. మూడు వేల మంది కొన్న టికెట్ల డబ్బు ఇరవై వేల ఖాళీ సీట్లని పోషించాలి. ఎన్ని గోల్స్ కొడితే పూడుతుంది ఆ గొయ్యి?

తర్వాత ఇంకో రెండుసార్లు, 2009లో, 2012లో, క్లబ్బు అదే గతి పట్టింది. 2012లో ఆ స్టేడియం వదిలేసి, అభిమానులు కొత్తగా నిలబెట్టిన జట్టు చాలా కింది లీగులో మొదటినుంచి మొదలెట్టింది, అదీ పక్క ఊరి మైదానంలో. ఆ పెద్ద స్టేడియం రగ్బీ వాళ్ల చేతికి పోయింది. పాత ఫీథమ్స్‌లో ఇళ్లు లేచాయి. 2016 చివర్లో సొంత ఊరికి తిరిగొచ్చి ఇంకో రగ్బీ క్లబ్బు మైదానంలో సర్దుకున్నారు. మరుసటి వేసవికి జట్టు బాగా ఆడి ప్లే-ఆఫ్‌కి, అంటే పై లీగులోకి ఎవరు వెళ్లాలో తేల్చే పోటీలకి, చాలినంత పైకొచ్చింది. కానీ ఆడనివ్వలేదు. కారణం చెబితే నమ్మవు: మైదానంలో లీగు అడిగినన్ని సీట్లు లేవు! ఒకప్పుడు 25,000 సీట్లున్న క్లబ్బు కొన్ని వందల సీట్లు తక్కువై ఆగిపోయింది.

అందుకే చెప్తున్నా. ఐదు వేలు వద్దు. లీగు అడిగినన్ని సీట్లతో ఒక పక్క స్టాండు కట్టండి, మిగతా మూడు పక్కలా పునాదికి చోటు వదలండి. జనం నిలబడి చూసే రోజు వచ్చాక రెండోది కట్టుకోవచ్చు.

ఇప్పుడు నాకు నిద్ర పట్టనివ్వని అసలు సంగతి. ఆ నేల ఎవరి పేరున ఉంటుంది? మీ అమ్మని అడిగితే "ఎవరో పెద్దమనిషి ఇస్తున్నాడట" అంది. ఇవ్వడమంటే ఏమిటి? దానమా, అమ్మకమా, లీజా, ఉత్త నోటిమాటా?

ఇంగ్లండులోనే బ్రైటన్ అనే ఊరి క్లబ్బు 1902 నుంచి గోల్డ్‌స్టోన్ అనే మైదానంలో ఆడేది, తర్వాత దాన్ని సొంతం కూడా చేసుకుంది. క్లబ్బు మూసేసినా దాని ఆస్తి మీద సభ్యులు లాభం పంచుకోకూడదని క్లబ్బు నిబంధనల్లో ఒక షరతుండేది. 1990ల్లో నడిపేవాళ్లు దాన్ని చడీచప్పుడు లేకుండా తీసేశారు. అభిమానులు కనిపెట్టి గోల చేశాక మళ్లీ పెట్టారు, కానీ అప్పటికే మైదానం అమ్మేశారు. 1997లో ఆఖరి మ్యాచ్. అక్కడ దుకాణాల సముదాయం వచ్చింది. జట్టు రెండేళ్లు జిల్లింగ్‌హామ్‌లో, ఆ తర్వాత 2011 దాకా ఒక అథ్లెటిక్స్ మైదానంలో తలదాచుకుంది. చూశావా, ఒక్క వాక్యం కొట్టేస్తే పద్నాలుగేళ్లు. కోవెంట్రీ వాళ్లది ఇంకో రకం. సొంత మైదానం వదిలేసి పెద్ద స్టేడియంలో అద్దెకున్నారు, మూడో అంచెకి జారాక కూడా అద్దె ఏడాదికి పది లక్షల పౌండ్ల పైమాటే. తగాదా ముదిరి 2013లో సొంత మ్యాచ్‌లు నార్తాంప్టన్‌లో ఆడుకున్నారు.

కాబట్టి నేల క్లబ్బు ఖాతాలో కూడా ఉండొద్దు అంటాను, వింతగా ఉంటుందేమో నీకు. అప్పు చేసేది క్లబ్బు, కాబట్టి అప్పులవాడి చెయ్యి క్లబ్బు ఆస్తి మీద పడుతుంది. నేలని వేరే ట్రస్టు పేరున పెట్టి, క్లబ్బుకి దీర్ఘకాలం లీజుకివ్వండి. అమ్మాలన్నా తనఖా పెట్టాలన్నా సభ్యుల్లో నూటికి డెబ్బై ఐదుగురు ఒప్పుకోవాలని రాయండి. చెల్సీ లాంటి పెద్ద క్లబ్బుకే అలాంటి ఏర్పాటుంది. 1993లో అభిమానులు వాటాదారులుగా ఒక కంపెనీ పెట్టారు, ఇప్పుడు మైదానం నేల దాని చేతిలో ఉంది. 2011లో క్లబ్బు యజమాని దాన్ని కొనబోతే చాలినన్ని ఓట్లు రాలేదు.

లీజే అయితే ముసాయిదాలో ఇవి వెతుకు. ఎన్నేళ్లు, మధ్యలో ఎవరు రద్దు చెయ్యొచ్చు, అద్దె ఎప్పుడెప్పుడు ఎంత పెరుగుతుంది, గడువు తీరాక మీరు కట్టిన స్టాండు ఎవరిది, మ్యాచ్ లేని రోజుల్లో మైదానం అద్దెకిచ్చుకునే హక్కు మీకుందా. ఈ చివరిది చిన్నది కాదు. ఏడాదికి మీ ఇంటి మ్యాచ్‌లు ఇరవై ఉంటాయేమో, మిగతా రోజులే క్లబ్బుని పోషించేవి. రోజంతా పిల్లలకి అద్దెకివ్వాలంటే పచ్చిక తట్టుకోదు, కృత్రిమ పచ్చిక వేస్తారు. దాని పైపొర ఎనిమిది పదేళ్లకి మార్చాలి. మొదటి నెల నుంచే దానికి విడిగా డబ్బు జమ చెయ్యి. ఇంకా, రోడ్డుకీ మీ గేటుకీ మధ్య నేల ఎవరిదో సర్వేయర్‌తో కొలిపించు. ఆ చారెడు జాగా ఇంకొకరిదైతే వాడు అడిగినంతా ఇచ్చుకోవాల్సిందే.

ఇంకొక్కటి, ఇది మాత్రం నీ కోసం. హామీ సంతకం పెట్టకు. మీ పెదనాన్న క్లబ్బు ప్రహరీ గోడకి అప్పు తెచ్చినప్పుడు, బ్యాంకు వాళ్లు "లాంఛనమేనండీ" అంటే ఆయన సొంత పూచీ రాసిచ్చారు. డబ్బిస్తానన్న దాత మొహం చాటేశాడు. నోటీసు మా ఇంటికొచ్చింది. ఆయన రిటైర్మెంట్ డబ్బులో పెద్ద భాగం ఆ గోడకే పోయింది. ఇవాళ గోడ ఉంది, క్లబ్బు లేదు. ఆయన ఒక్కరోజు కూడా నొచ్చుకున్నట్టు మాట్లాడలేదు, నొచ్చుకున్నదాన్ని నేను. నీకు పెళ్లయింది, పసిపిల్ల ఉంది. ఆ ఇల్లు నీ ఒక్కడిదీ కాదు.

ఇంత రాశాక నువ్వు డీలా పడతావేమోనని భయం. వద్దు నాన్నా. బెర్లిన్‌లో యూనియన్ అనే క్లబ్బు మైదానం పాడుబడితే, 2008లో రెండు వేల మందికి పైగా అభిమానులు తామే వెళ్లి కాంక్రీటు మోసి, మెట్లు కట్టి ఏడాదిలో నిలబెట్టారు. లండన్‌లో వింబుల్డన్ జట్టుని వేరే ఊరికి తరలించడానికి అనుమతి వచ్చేస్తే, దాని అభిమానులు 2002లో కొత్త జట్టు పెట్టుకుని, 2020లో పాత వీధికే తిరిగొచ్చారు. ఆఖర్లో డబ్బు చాలకపోతే అభిమానులకే బాండ్లు అమ్మి 50 లక్షల పౌండ్లకు పైగా పోగేశారు, పెత్తనం ఏ ధనవంతుడికీ అప్పగించలేదు. మీ నాలుగు వందల మందిలో ఎంతమంది తాపీ పట్టగలరో, ఎంతమంది చిన్న మొత్తం అప్పివ్వగలరో ఒక పుస్తకంలో రాసుకో. పునాది తవ్వే రోజు చెప్పు, పార పట్టలేను గానీ హాజరు పట్టీ రాస్తాను.

లీజు ముసాయిదా, సర్వే పటం రెండూ నాకు పోస్టులో పంపు. ఫోన్లో ఫొటో తీసి పంపకు, నా కళ్లకి ఆనదు. నేను చదివి ఎర్రసిరాతో గీతలు పెట్టి పంపేదాకా ఎవరెంత తొందరపెట్టినా కలం తియ్యకు. అమ్మాయినీ పాపనీ అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ