క్లబ్‌ల పైన ప్రాంతీయ రగ్బీ జట్లు: ఐర్లాండ్‌లో కుదిరింది, వేల్స్‌లో ఎందుకు తడబడింది?

ఐర్లాండ్‌కు కొత్తగా జట్లు పుట్టించాల్సిన పని పడలేదు. అక్కడి నాలుగు ప్రావిన్సుల జట్లు లీన్‌స్టర్, మన్‌స్టర్, అల్‌స్టర్, కనాక్ట్ 19వ శతాబ్దం నుంచే తలపడుతున్నాయి. 2001లో ఐర్లాండ్, వేల్స్, స్కాట్లాండ్ జట్లు ఆడే సెల్టిక్ లీగ్ మొదలయ్యేసరికి ఆ పేర్లు జనం నోళ్లలో నానినవే.

వేల్స్ అలా కాదు. 2003లో అక్కడి రగ్బీ యూనియన్ తొమ్మిది క్లబ్‌లను ఐదు ప్రాంతీయ జట్లుగా కుదించింది. ఉన్న డబ్బు, ఆటగాళ్లు అన్ని క్లబ్‌లకు చాలరన్న లెక్క సరైనదే. కానీ పాంటీప్రిడ్‌నూ బ్రిజెండ్‌నూ కలిపి ‘సెల్టిక్ వారియర్స్’ అన్నారు. పేరులో ఊరే లేదు, ఇక అభిమాని ఏమని అరవాలి? ఒక్క సీజన్ ఆడాక 2004లో యూనియనే దాన్ని మూసేసింది. దాంతో పాంటీప్రిడ్ లోయకు పైస్థాయిలో తనదనే జట్టు లేకుండా పోయింది.

అలాగని కలపడమే తప్పనలేం. నీత్, స్వాన్సీ కలిసిన ఆస్‌ప్రీస్ 2005లోనే లీగ్ గెలిచింది.