బోయిన్ ఒడ్డున గుండు తగిలి ఉంటే: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. 1690లో ఐర్లండ్‌లోని బోయిన్ నది దగ్గర ఇంగ్లండ్ గద్దె మీదున్న ప్రొటెస్టెంట్ రాజు విలియం మీద, ఆ గద్దె పోగొట్టుకున్న కేథలిక్ రాజు జేమ్స్ గెలిచి ఉంటే అన్న ఊహ బాగుంది. మార్చడానికి నువ్వు పట్టుకున్న క్షణం ఇంకా బాగుంది. యుద్ధానికి ముందురోజు, అప్పటి ఇంగ్లిష్ క్యాలెండర్ లెక్కలో జూన్ 30న, విలియం ఒడ్డున తిరుగుతూ అవతలి బలగాన్ని చూస్తుంటే ఫిరంగి గుండు ఒకటి కుడి భుజాన్ని రాసుకుంటూ పోయింది. కోటు చిరిగింది, కాస్త చర్మం లేచింది, అంతే. నువ్వు ఆ గుండును జానెడు జరిపావు. జరుపు, కాదనను.

ఆ తర్వాతే తొందరపడ్డావు. తెల్లారి జేమ్స్ గెలిచాడు, రెండు పేజీల్లో లండన్ చేరాడు! అసలు విలియం పోయాక తెల్లారి యుద్ధం ఎందుకు జరుగుతుందమ్మా? నది దాటి తీరాలన్న పట్టుదల ఆయనది. ఆయన లేకపోతే సేన షోంబర్గ్ చేతికొస్తుంది. డెబ్బై దాటిన సేనాని. ముందటేడు ఐర్లండ్‌లోనే డన్‌డాక్ శిబిరంలో సైనికులు రోగాలతో రాలిపోతున్నా పోరుకు దిగని మనిషి. అటు జేమ్స్, విలియం సేన సుమారు 36 వేలమందికి ఎదురుగా పాతిక వేలమందిని నిలబెట్టి, సామాను, కొన్ని ఫిరంగులు ముందే డబ్లిన్ దారి పట్టించాడు. ఇద్దరూ వెనక్కి చూసుకునేవాళ్లే. యుద్ధమే జరగని యుద్ధకథ రాయగలవా? నాకైతే అదే నచ్చుతుంది.

ఇంకోటి. నీ కథలో మేరీ ఊసే లేదు. కిరీటం విలియం ఒక్కడిదే కాదు, 1689లో భార్యాభర్తలిద్దరికీ కలిపి పట్టాభిషేకం చేశారు. ఆవిడ జేమ్స్ కన్నకూతురు. భర్త పోయినా సింహాసనం ఖాళీ అవదు. పైగా గుండు తగిలిన రోజే ఇంగ్లండ్ దక్షిణ తీరాన బీచీ హెడ్ దగ్గర, జేమ్స్‌కు అండగా ఉన్న ఫ్రెంచి నౌకాదళం ఇంగ్లిష్, డచ్ నౌకల్ని ఓడించింది. ఇది నువ్వు కల్పించనక్కర్లేదు, నిజంగా జరిగిందే. ఇరవై ఎనిమిదేళ్ల రాణి, గుమ్మం ముందు ఫ్రెంచి నౌకలు, భర్తను చంపింది నాన్న సైన్యం. ఇంతకంటే ఏం కావాలి నీకు?

మతం రంగు కూడా మరీ చిక్కగా పూశావు. విలియం డచ్ దళాల్లో కేథలిక్కులున్నారు. ఆయన మిత్రుడు, పవిత్ర రోమన్ చక్రవర్తి లియోపోల్డ్ కేథలిక్కే. టోపీల్లో పచ్చని రెమ్మలు గుచ్చుకున్నది విలియం మనుషులు, తెల్ల కాగితం ముక్కలు పెట్టుకున్నది జేమ్స్ వాళ్లు. నువ్వు తిరగేసి రాశావు, సరిచెయ్.

విలియం చచ్చాడన్న పుకారు నిజంగానే పారిస్ దాకా పోయింది. జనం వీధుల్లో మంటలు వేసి పండగ చేసుకున్నారు. ఆ దృశ్యాన్ని ఉన్నదున్నట్టు దించెయ్. నీ కథలో వాళ్ల సంబరం తప్పు కాదుగా.

లండన్ ఊరేగింపు తీసెయ్. లండన్‌లోని వైట్‌హాల్ రాజభవనంలో మేరీకి రెండు ఉత్తరాలు, నౌకలు ఓడాయని ఒకటి, భర్త పోయాడని ఒకటి, అందే అధ్యాయం ముందు రాసి పంపు. ఏది మొదట విప్పుతుందో నువ్వే తేల్చుకో.