‘కలిగి ఉన్నాను’ అనాలా, ‘నాకు ఉంది’ అనాలా?

సందేహం: రష్యాలోని కజాన్‌లో మెడిసిన్ చదువుతున్నాను. పక్కింటి పదేళ్ళ బాబుకి ఇంగ్లీషు నేర్పుతుంటే ‘హ్యావ్’ దగ్గర ఆగిపోయాం. ‘ఐ హ్యావ్ ఎ బ్రదర్’ని వాడు ‘నా దగ్గర తమ్ముడు ఉన్నాడు’ అన్నట్టు తన భాషలోకి మారుస్తాడు. తెలుగులో ‘హ్యావ్’కి సరైన క్రియ ఏది? ‘కలిగి ఉండు’ అనొచ్చా?

సమాధానం: మీ పక్కింటి బాబు తప్పేమీ చెప్పలేదమ్మా. రష్యన్‌లో ‘ఉ మిన్యా యెస్త్ బ్రాత్’ అంటారు. ‘ఉ మిన్యా’ అంటే ‘నా దగ్గర’, ‘యెస్త్’ అంటే ‘ఉంది’. ‘ఇమ్యేత్’ అని ‘హ్యావ్’ లాంటి క్రియ ఒకటి ఉంది గానీ మామూలు మాటల్లో ఇలాంటి చోట వాడరు, రాతలోనే ఎక్కువ. మన పరిస్థితీ అంతే. ఇంగ్లీషులో వస్తువు ఎవరిదో ఆ మనిషి కర్త, ఆ వస్తువు కర్మ. తెలుగులో, రష్యన్‌లో వస్తువే కర్త, మనిషి పక్కన నిలబడతాడు. అందుకే ‘హ్యావ్’కి తెలుగులో ఒక్క క్రియ వెతికితే దొరకదు.

అయితే రష్యన్‌వాళ్ళు ‘ఉ’ ఒక్కదానితో నెట్టుకొచ్చేచోట మనం రెండు మూడు రకాలుగా విడదీస్తాం. ‘నాకు తమ్ముడు ఉన్నాడు’ అంటే చుట్టరికం. ‘నా దగ్గర తమ్ముడు ఉన్నాడు’ అంటే వాడు నా గదిలోనే ఉండి చదువుకుంటున్నాడని. ‘వాళ్ళకి డబ్బుంది’ అంటే ఆస్తిపరులు, ‘వాళ్ళ దగ్గర డబ్బుంది’ అంటే ఇప్పుడు జేబులో ఉందని. పెన్ను మాత్రం ఎప్పుడూ ‘నా దగ్గరే’ ఉంటుంది. ఈ తేడా మనకి ఎవరూ నేర్పలేదు, మూడేళ్ళ పిల్ల కూడా పొరబడదు.

ఇంకో పోలిక నాకు భలే ఇష్టం. ‘ఆమెకి పెద్ద కళ్ళున్నాయి’ అనడం కంటే ‘ఆమెవి పెద్ద కళ్ళు’ అనడమే మనకి హాయి, ‘ఉన్నాయి’ అక్కర్లేదు. రష్యన్‌లోనూ అంతే, ‘ఉ నియో బల్షీయె గ్లజా’ అంటారు, ‘యెస్త్’ రాదు. కళ్ళు ఉన్నాయా లేవా అన్నది కాదు కదా విషయం, ఎలా ఉన్నాయన్నది. వయసు దగ్గర వాళ్ళు ‘ఉ మిన్యా’ వదిలేసి అచ్చం మన ‘నాకు’లాగే ‘మ్న్యే’ అంటారు. ‘మ్న్యే ద్వాత్సత్ ల్యెత్’, నాకు ఇరవై ఏళ్ళు. చలేస్తే ‘మ్న్యే ఖోలద్న’. మీరు వాడికి ఇంగ్లీషు చెప్పేటప్పుడు ఈ రెండూ పక్కన పెట్టి, ఇక్కడ ‘హ్యావ్’ రాదు, ‘ఐ యామ్’ వస్తుందని ముందే చెప్పెయ్యండి.

ఇక ‘కలిగి ఉండు’. మొన్న ఒక ఫ్లాట్ల ప్రకటనలో ‘ప్రతి ఇల్లు రెండు బాల్కనీలను కలిగి ఉంటుంది’ అని చదివి నిజంగా బాధపడ్డాను. ‘ప్రతి ఇంటికీ రెండు బాల్కనీలు’ అంటే సరిపోయేది. కలుగు అనే క్రియ మనదే, పాతదే. కానీ దాని స్వభావం చూడండి: ‘నాకు సందేహం కలిగింది’, ‘వాళ్ళకి లేక లేక కొడుకు కలిగాడు’. అక్కడ కూడా మనిషి ‘కు’తోనే వస్తాడు. ‘నేను ఇద్దరు పిల్లలను కలిగి ఉన్నాను’ అంటే ఆ క్రియని ఇంగ్లీషు వాక్యంలోకి లాక్కెళ్ళి కూర్చోబెట్టడమే. ‘భయభక్తులు కలిగి ఉండాలి’, ‘పదేళ్ళ అనుభవం కలిగినవారు’ లాంటివి బాగానే ఉంటాయి, వాటిని కొట్టెయ్యమనను. పిల్లల్ని, ఇళ్ళని, జ్వరాన్ని మాత్రం కలిగి ఉండకండి.

లేనప్పుడు మనకి ‘లేదు’ చాలు, ‘నాకు టైం లేదు’. లేనిదాన్ని బట్టి అదే ‘లేడు’, ‘లేరు’, ‘లేవు’ అవుతుంది. వాళ్ళకి ‘న్యెత్’ ఒక్కటే, కాకపోతే లేని వస్తువు రూపం మారుతుంది, టైంకి వాళ్ళు వాడే ‘వ్రేమ్య’ కాస్తా ‘వ్రేమిని’ అవుతుంది. ‘హ్యావ్ టీ’, ‘హ్యావ్ బ్రేక్‌ఫాస్ట్’ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, మనం టీ తాగుతాం, టిఫిన్ చేస్తాం.

‘హ్యావ్ టు’ దగ్గర కాస్త జాగ్రత్త. ‘నేను వెళ్ళాలి’ అన్నదాన్ని రష్యన్‌లో ‘మ్న్యే నాద ఇత్తీ’ అంటారు, అంటే అక్కడా ‘నాకు’ వచ్చేసింది. మనం అవసరానికి ‘నేను’ అంటాం. ‘నాకు’ పెట్టి ‘వెళ్ళాలని ఉంది’ అన్నామా, అది కోరిక అయిపోతుంది. జనవరి పరీక్షల ముందు మీరు అమ్మకి ఫోన్ చేసి ‘సంక్రాంతికి నాకు ఇంటికి రావాలని ఉందమ్మా, కానీ నేను చదువుకోవాలి’ అన్నారనుకోండి, ఒకే వాక్యంలో రెండూ వచ్చేస్తాయి.