పిచ్చి కామెడీలు చూస్తే ఏమొస్తుంది? నాకు సీపీఆర్ వచ్చింది

టీవీలో వచ్చే పిచ్చి కామెడీల నుంచి అనుకోకుండా ఏమైనా నేర్చుకున్నారా అని అడిగారు. నేర్చుకున్నాను. వాటిలో ఒకటైతే ప్రాణం మీదికి వచ్చినప్పుడు పనికొచ్చేది.

అమెరికన్ కామెడీ సీరియల్ ‘ది ఆఫీస్’లో 2009లో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో ఉద్యోగులందరికీ సీపీఆర్, అంటే గుండె ఆగిపోయిన మనిషిని బతికించడానికి ఛాతీ నొక్కే పద్ధతి, ఒక బొమ్మ మీద నేర్పిస్తారు. ఛాతీని ఏ వేగంతో నొక్కాలో గుర్తుండటానికి బీజీస్ అనే బృందం పాట ‘స్టేయిన్ ఎలైవ్’ మనసులో పాడుకోమంటుంది నేర్పించే ఆవిడ. మేనేజర్ వేరే పాట అందుకుంటాడు. ఇంకొకరు అసలు పాటే ఎత్తుకునేసరికి డాన్స్ మొదలవుతుంది, బొమ్మను నొక్కడం ఆగిపోతుంది. అంతా గోల. కానీ ఆ గోలలో చెప్పిన మాట అక్షరాలా నిజం. నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి, ఆ పాట వేగం నిమిషానికి దాదాపు 103 దరువులు.

తర్వాత నేను పనిచేసే చోట ప్రథమ చికిత్స క్లాసు పెట్టారు. మణికట్టు దగ్గరి అరచేతి భాగం ఛాతీ మధ్యలో పెట్టి, దాని మీద రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా నొక్కాలి. ఛాతీ కనీసం 5 సెంటీమీటర్లు దిగాలి, మళ్లీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. కాసేపటికే భుజాలు లాగేస్తాయి, తెలియకుండానే వేగం తగ్గిపోతుంది. అందుకే రెండు నిమిషాలకోసారి మనిషి మారాలంటారు. ఎంత బలంగా నొక్కాలో నాకు బొమ్మ మీద చేతులు పెట్టాకే అర్థమైంది. లయ మాత్రం ముందే వచ్చేసింది. పాట బుర్రలో తిరుగుతున్నంతసేపూ నా చేతులు వేగం తప్పలేదు.

2019 జనవరిలో అరిజోనాలోని టుసాన్‌లో టైర్ల షాపులో పనిచేసే ఒక కుర్రాడికి కారులో స్పృహ లేకుండా పడి ఉన్న మహిళ కనిపించింది. అతనికి ఎవరూ సీపీఆర్ నేర్పలేదు. ఆ ఎపిసోడ్ గుర్తొచ్చి, పాట పాడుకుంటూ నొక్కాడు. ఆమె బతికింది. ఈ వార్త చదివినప్పటి నుంచి ఆ సీన్ అంటే నాకు గౌరవం పెరిగింది.

అది అంత గట్టిగా గుర్తుండిపోవడానికి కారణం, అందులో ముందు తప్పు చూపించి నవ్విస్తారు. ఎందుకు నవ్వామో గుర్తున్నంతకాలం సరైన పద్ధతీ గుర్తుంటుంది. అదే ఎపిసోడ్ మొదట్లో మంటల గొడవ ఉంటుంది. తలుపు పిడి వేడిగా ఉంటే తెరవకూడదు, అవతల మంట ఉండొచ్చు అన్నది నా బుర్రలోకి ఎక్కింది అక్కడే.

ఇంకోటి లెక్కల సంగతి. 1998లో వచ్చిన ఒక ‘సింప్సన్స్’ కార్టూన్ ఎపిసోడ్‌లో హోమర్ అనే పాత్ర బోర్డు మీద ఒక సమీకరణం రాస్తాడు: 3987, 4365 సంఖ్యల పన్నెండో ఘాతాలు (అంటే ఒక్కో సంఖ్యను పన్నెండుసార్లు వేసి గుణిస్తే వచ్చేవి) కలిపితే 4472 పన్నెండో ఘాతం వస్తుందని. పది అంకెలు చూపించే కాలిక్యులేటర్‌లో వేస్తే సరిగ్గా సరిపోతుంది! కానీ ఇలాంటి పూర్ణసంఖ్యలతో రెండు దాటిన ఏ ఘాతానికీ ఇలా కుదరదని ఫెర్మా అనే గణితవేత్త చెప్పాడు, తర్వాత ఆండ్రూ వైల్స్ అనే గణితవేత్త నిరూపించాడు. మరి తేడా ఎక్కడ? నేను కాగితం తీసుకుని అంకెలు కూడి చూశాను. 3987లో అంకెల మొత్తం 27, 4365లో 18. రెండూ 3తో భాగించబడతాయి. 4472లో 17, భాగించబడదు. అంటే ఎడమవైపు 3తో తెగుతుంది, కుడివైపు తెగదు. ఇక సమానం ఎలా అవుతాయి? ఆ సంఖ్యలు పట్టుకోవడానికి రచయిత డేవిడ్ ఎక్స్. కోహెన్ ఏకంగా ఒక కంప్యూటర్ ప్రోగ్రామే రాశాడు. క్షణంపాటు తెర మీద కనిపించే గీతల కోసం అంత శ్రమ!

‘ఫ్యూచురామా’ అనే కార్టూన్ అయితే 2010లో ఒక కొత్త సిద్ధాంతాన్నే కథలో పెట్టింది. ఒకరి మనసు ఇంకొకరి శరీరంలోకి వెళ్లిపోతుంది, ఒకసారి మార్చుకున్న ఇద్దరు మళ్లీ నేరుగా మార్చుకోలేరు. ఎంతమంది తారుమారైనా, కొత్తగా ఇద్దరు వస్తే చాలు, అందరినీ వెనక్కి పంపొచ్చు. రచయిత కెన్ కీలర్‌కు గణితంలో డాక్టరేట్ ఉంది. నమ్మకం కుదరక నేను చీటీల మీద పేర్లు రాసుకుని, నియమం తప్పకుండా మార్చుకుంటూ వెళ్లాను. అన్నీ వాటి చోటికి చేరాయి.