బిడ్డ ఆర్గానిక్ సింథసిస్‌లో పీహెచ్‌డీ చేస్తానంటోంది, ఏం చెప్పాలి?

బోడుప్పల్ నుంచి ఒక తండ్రి రాశారు: "మా అమ్మాయి ఓయూలో ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ ఫస్టియర్. సింథసిస్‌లోనే పీహెచ్‌డీ చేస్తానని పట్టుబట్టింది. మా బామ్మర్ది జీడిమెట్లలో బల్క్‌డ్రగ్ కంపెనీలో పదిహేనేళ్ళ నుంచి కెమిస్ట్, షిఫ్టులు, వాసనలు, జీతం అంతంతమాత్రం, వద్దే వద్దంటున్నాడు. మా తమ్ముడి కొడుకేమో సాఫ్ట్‌వేర్‌లో సెటిలైపోయాడు. ఇది అయ్యేసరికి పిల్లకి 28 వస్తాయి. ఏం చెప్పమంటారు?"

సార్, ముందు మీ బామ్మర్ది గారి సంగతి. ఆయన చెప్పింది నిజమే, కాకపోతే ఆయన చూసింది ప్రొడక్షన్. ఎవరో ఎప్పుడో తేల్చిపెట్టిన రూట్‌ని, అంటే మందు తయారుచేసే దారిని, బ్యాచ్ రికార్డులో ఉన్నది ఉన్నట్టు రియాక్టర్‌లో నడపడం. మీ బిడ్డ అడుగుతున్నది ఆ రూట్ తేల్చే పని. టోల్యూయిన్ అనే సాల్వెంట్ (ద్రావకం) వాసన రెండుచోట్లా ఒకటే, పని మాత్రం అస్సలు ఒకటి కాదు.

ఈ పనేంటంటే, ఒక మాలిక్యూల్ బొమ్మ చేతికిస్తారు, దాన్ని బజార్లో దొరికే చిన్న చిన్న ముక్కల నుంచి ఎలా కట్టుకురావాలో చివరి నుంచి మొదటికి ఆలోచించాలి, దీన్నే రెట్రోసింథసిస్ అంటారు, ఇలా ఆలోచించే పద్ధతికే ఈ.జె. కోరీ అనే అమెరికన్ కెమిస్ట్‌కి 1990లో నోబెల్ వచ్చింది. కాగితం మీద ఇది చదరంగంలాగా మహా మజాగా ఉంటుంది. ఎమ్మెస్సీ పిల్లలు పడిపోయేది ఇక్కడే. కానీ కాగితం మీద గడిపేది వారానికి ఒక పూట, మిగతా టైమంతా హుడ్ (ఆవిర్లని బయటికి లాగేసే అద్దాల గూడు) ముందు నిలబడి రియాక్షన్ పెట్టడం, అది అయిందా లేదా అని టీఎల్‌సీ ప్లేటు మీద చూడడం, వర్కప్ అంటే కడిగి వేరుచేయడం, కాలమ్ వేసి శుద్ధి చేయడం, రోటా అనే మెషీన్ మీద వ్యాక్యూమ్‌తో సాల్వెంట్‌ని ఎగరగొట్టడం, కావాల్సిందే వచ్చిందో లేదో తేల్చే ఎన్‌ఎంఆర్‌కి ఇవ్వడం, అది రాలేదని తెలుసుకుని మళ్ళీ మొదటి నుంచి పెట్టడం.

ఒక లెక్క చూడండి. ఒక్కో స్టెప్‌లో 80 శాతం ఈల్డ్ (చేతికొచ్చే సరుకు) వచ్చిందంటే మంచి చేయి కిందే లెక్క. అలాంటివి 15 స్టెప్పులు వరసగా చేస్తే చివరికి మిగిలేది వందకి మూడున్నర. అన్నీ బాగా జరిగితేనే సుమా. విటమిన్ బి12ని ల్యాబ్‌లో కట్టడానికి వుడ్‌వర్డ్, ఎషెన్‌మోజర్ అనే ఇద్దరు పెద్ద కెమిస్టుల గ్రూపులు రెండూ కలిసి, దగ్గర దగ్గర వంద మంది, పదేళ్ళకి పైగా కష్టపడితే 1972కి తేలింది. వుడ్‌వర్డ్‌కి అప్పటికే నోబెల్ ఉంది, అయినా అంతే.

నా కథ కూడా చెప్తా. నేను పీహెచ్‌డీ చేసిన ల్యాబ్ పేరెందుకు గానీ, నాలుగో ఏట పదమూడో స్టెప్‌లో నా చేతిలో 40 మిల్లీగ్రాములుండేది, అంటే గోరుమీద పట్టేంత, దాని వెనక ఏడు నెలల పని. రోటా మీద పెట్టి వ్యాక్యూమ్ ఒక్కసారిగా ఇచ్చేశా, బంప్ అయి, అంటే ఒక్కసారిగా పొంగి, మొత్తం పైనున్న బల్బ్‌లోకి తన్నుకుపోయింది. ఆ రాత్రి పదకొండింటికి బల్బ్‌ని అసిటోన్‌తో కడిగి, కడిగిందంతా మళ్ళీ కాలమ్ వేస్తే 22 దొరికింది. మిగతా 18కి నాకు ఇంకో మూడు నెలలు పట్టింది. అప్పుడు ఏడ్చానా అంటే ఏడ్చా, కానీ తెల్లారి వెళ్ళానా అంటే వెళ్ళా, ఎందుకో ఇప్పటికీ చెప్పలేను, ఆ తర్వాతి స్టెప్ పనిచేస్తుందా లేదా అని చూడకపోతే నిద్రపట్టేది కాదు. ఈ దురద ఉన్నవాళ్ళకే ఈ లైన్. మార్కులతో దీనికి పెద్ద సంబంధం లేదు, గోల్డ్ మెడల్ వచ్చినవాళ్ళు రెండో ఏడు మధ్యలో వదిలేసి బీఎడ్‌కి వెళ్ళడం కళ్ళారా చూశా (బీఎడ్ తక్కువని కాదు, ఆ రెండేళ్ళు దండగ కదా అని).

అందుకని మీరు ఇంట్లో కూర్చుని అవుననీ కాదనీ తేల్చకండి సార్, తేలదు కూడా. పిల్లని రెండు మూడు నెలలు హుడ్ ముందు నిలబెట్టండి. తార్నాకలో ఐఐసీటీ (కెమిస్ట్రీకి కేంద్ర ప్రభుత్వ రీసెర్చ్ సంస్థ) ఉంది, గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ స్కూల్ ఆఫ్ కెమిస్ట్రీ ఉంది, ప్రొఫెసర్లకి నేరుగా మెయిల్ పెట్టి ప్రాజెక్ట్ అడగొచ్చు. మూడు సైన్స్ అకాడమీలు కలిసిచ్చే సమ్మర్ ఫెలోషిప్ ఉంటుంది, రెండు నెలలు, దానికీ అప్లై చేయమనండి. అక్కడ రియాక్షన్ ఐదుసార్లు ఫెయిలైన రోజు ఇంటికొచ్చి ఆరోసారి ఏం మారుస్తుందో చెప్తే, ఇంక మీరు అడ్డం పడొద్దు. "పప్పా, అసలీ సబ్జెక్టే వేస్ట్" అంటే అదీ మంచిదే, రెండు నెలల్లో తేలిపోయింది.

ఊరి సంగతికొస్తే, ఈ పనికి మన హైదరాబాద్ అంత అనువైన ఊళ్ళు దేశంలో తక్కువ. ఐఐసీటీ 1944లో నిజాం కాలంలో మొదలైంది, మధ్యలో ఆర్‌ఆర్‌ఎల్ (రీజనల్ రీసెర్చ్ ల్యాబొరేటరీ) అనేవాళ్ళు, పాతవాళ్ళు ఇప్పటికీ అలాగే అంటారు. గుంటూరు నుంచి వచ్చిన ఎ.వి. రామారావు గారు కోరీ దగ్గర హార్వర్డ్‌లో పనిచేసొచ్చి, 1985 నుంచి పదేళ్ళు దానికి డైరెక్టరుగా ఉండి, రిటైరయ్యాక అవ్రా ల్యాబ్స్ పెట్టారు. బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి గారు 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఇవాళ జీనోమ్ వ్యాలీ, నాచారం, బొల్లారం, పాశమైలారం అంతటా ఆర్‌అండ్‌డీలున్నాయి.

ఆ ఆర్‌అండ్‌డీలలో రెండు రకాలు. మెడ్‌కెమ్ అంటే మిల్లీగ్రాముల్లో కొత్త కాంపౌండ్లు చేసి టెస్టింగ్‌కి పంపడం, మందు కావాల్సిన మాలిక్యూల్ కోసం వెతుకులాట. ప్రాసెస్ అంటే దొరికినదాన్ని కిలోల్లో, చవగ్గా, సేఫ్‌గా, కాలమ్ లేకుండా క్రిస్టలైజేషన్‌తో తీయడం. నన్నడిగితే ప్రాసెస్‌లోనే మెదడుకి ఎక్కువ పని. 2018లో బీపీ మాత్ర వల్సార్టాన్‌ని ప్రపంచమంతా వెనక్కి తెప్పించారు గుర్తుందా, ఒక తయారీలో ప్రాసెస్ మారింది, డీఎంఎఫ్ సాల్వెంట్, ఆఖర్లో సోడియం నైట్రైట్, రెండూ కలిసి క్యాన్సర్ కారకమయ్యే అవకాశమున్న ఎన్‌డీఎంఏ అనే ఇంప్యూరిటీ కాస్తంత పుట్టింది. అలాంటిది కాగితం మీదే పసిగట్టేవాళ్ళు కావాలి.

ఇప్పుడు ఎమ్మెస్సీతోనే చేరితే ఏమవుతుందంటే, అదే హుడ్ దగ్గర అదే పని చేస్తుంది, చేయి తిరుగుతుంది, కానీ ఏ మాలిక్యూల్, ఏ రూట్ అన్నది వేరేవాళ్ళు చెప్తారు, కొంతదూరం పోయాక గ్రూప్ లీడర్ పోస్టు దగ్గర పీహెచ్‌డీ ఉందా అంటారు. కంపెనీలో పనిచేస్తూనే యూనివర్సిటీలో రిజిస్టర్ చేసుకుని పీహెచ్‌డీ పూర్తిచేసినవాళ్ళు మనూళ్ళో చాలామందే ఉన్నారు, అది కూడా దారే, కాకపోతే పగలంతా టార్గెట్లు, రాత్రి థీసిస్, పెళ్ళీ పిల్లలూ వచ్చాక నలిగిపోతారు.

డబ్బు: సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (రీసెర్చ్ చేసేవాళ్ళకిచ్చే ఫెలోషిప్) కొడితే మొదటి రెండేళ్ళు నెలకి 37 వేలు, తర్వాత దాని పైమెట్టు ఎస్‌ఆర్‌ఎఫ్ 42 వేలు, హెచ్‌ఆర్‌ఏ అదనం. మీ తమ్ముడి కొడుకు జీతంతో పోలిస్తే తక్కువే, ఆ పోలిక ఇంట్లో పిల్ల ముందు రోజూ పెట్టకండి. కానీ మీ జేబులోంచి పోయేది పెద్దగా ఏమీ లేదు. పరీక్ష ఏడాదికి రెండుసార్లు, ఎమ్మెస్సీ సెకండియర్‌లోనే రాయొచ్చు. ఆర్గానిక్ ఒక్కటే పట్టుకుంటే నడవదు, ఫిజికల్, ఇనార్గానిక్ ఇప్పట్నుంచే చదవమనండి, మన పిల్లలు దెబ్బతినేది అక్కడే.

28 అన్నారు. నిజం చెప్పాలంటే పీహెచ్‌డీకి ఐదారేళ్ళు, ప్రొఫెసర్ అవ్వాలంటే ఆపైన బయటి దేశంలో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత ఇంకో ల్యాబ్‌లో చేసే రీసెర్చ్) రెండు మూడేళ్ళు, అంటే ముప్పై దాటుతుంది. కంపెనీకయితే పోస్ట్‌డాక్ లేకపోయినా తీసుకుంటారు. పెళ్ళి మధ్యలో చేసుకున్నవాళ్ళు మా బ్యాచ్‌లోనే నలుగురున్నారు, అందరూ థీసిస్ ఇచ్చారు. ఒక్కటే, కడుపుతో ఉన్నప్పుడు సాల్వెంట్ల దగ్గర నిలబడకూడదు, ఆ నెలలు రాతపనికి మార్చుకునేలా గైడ్‌తో మాట్లాడుకోవాలి.

గైడ్ అన్నా కదా, ఇన్‌స్టిట్యూట్ పేరు కన్నా అదే ముఖ్యం. చేరకముందు ఆ ల్యాబ్ పిల్లల్ని గైడ్ లేనప్పుడు క్యాంటీన్‌లో పట్టుకుని అడగమనండి, పోయిన ముగ్గురికీ ఎన్నేళ్ళు పట్టింది, ఇప్పుడెక్కడున్నారు, మధ్యలో ఎవరన్నా వదిలేశారా అని. చూపు తిప్పేసుకుంటే అర్థం చేసుకోవాలి. అలాగే ల్యాబ్‌లోకి వెళ్ళినప్పుడు హుడ్ అద్దం కింద ఒక టిష్యూ కాగితం పట్టి చూడాలి, లోపలికి లాగితే హుడ్ పనిచేస్తున్నట్టు, వేలాడుతూ ఉంటే ఆ ల్యాబ్‌కి దండం పెట్టి వచ్చేయాలి. ఆరోగ్యం గురించి మీ భయానికి నా దగ్గరున్న జవాబు ఇదొక్కటే, మంచి హుడ్, కళ్ళద్దాలు, గ్లవ్స్, బద్ధకం లేకపోవడం.

మీ బామ్మర్ది గారితో కూడా పిల్లని ఒకసారి కూర్చోబెట్టండి. వద్దని చెప్పించడానికి కాదు, ఆర్‌అండ్‌డీ వాళ్ళు పంపిన రూట్ ప్లాంట్‌లో ఎక్కడెక్కడ మొరాయిస్తుందో ఆయనకి తెలిసినంత ఏ ప్రొఫెసర్‌కీ తెలీదు, అది అడిగి రాసుకోమనండి.