పాత ఓడ, కొత్త ఆట

ప్రశ్న: అంతరిక్ష ఓడలు నడిపే ‘ఎలైట్ డేంజరస్’ వీడియో గేమ్ 2015లో ఆడి మానేశాను. ఇప్పుడు పెడితే కాలినడక పోరాటాలు, డబ్బుకి ఓడలు! ఆట దారి తప్పిందా? ఒంటరిగా ఆడినా నెట్ ఎందుకండీ?
– ఒక పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: నెట్ సంగతి మీరు ఆడకముందే తేలిపోయిందండీ. 2012లో కిక్‌స్టార్టర్ చందాల వేళ ఆఫ్‌లైన్ ఆట ఉంటుందన్నారు. 2014 నవంబరులో, విడుదలకు నెల ముందు, ఎత్తేశారు. సరుకుల ధరలు, వర్గాల పట్టు అన్నీ సర్వర్ మీదే మారతాయి కాబట్టి సోలోలోనూ నెట్ తెగితే మెనూకి వచ్చిపడతారు. ఇన్వర్టర్‌కి రూటర్ కూడా తగిలించుకోండి.

కాలినడక 2021 నాటి ‘ఒడిస్సీ’ అనే అదనపు భాగంతో వచ్చింది. అసలు మలుపు మాత్రం 2016లో వచ్చిన ఇంజనీర్లే (ఓడ భాగాలను మెరుగుపరిచే ఆటలోని పాత్రలు) అని మా లెక్క. అంతకుముందు ఓడ ఎంపిక, చేతి నేర్పు గెలిపించేవి. ఆ తర్వాత సామగ్రి ఏరుకొచ్చి మార్పులు చేయించని ఓడ పోరులో తేలిపోతోంది. డబ్బుకి ఓడలు 2024 నుంచి. కొన్నాళ్లు ఆగితే అవే ఆటలోని క్రెడిట్లకూ దొరుకుతాయి, తొందరపడకండి.

ముందు ఓడ ఎగిరే దూరం పెంచుకోండి. అన్వేషణలో స్కౌట్ హోదా, ఒక మెటా అల్లాయ్ (ఆటలోని ఒక సరుకు) ఉంటే డేసియాట్ నక్షత్ర మండలంలోని ఫెలిసిటీ ఫార్‌సీర్ అనే ఇంజనీరు ఫ్రేమ్ షిఫ్ట్ డ్రైవ్‌ని, అంటే నక్షత్రం నుంచి నక్షత్రానికి దూకించే యంత్రాన్ని, 5వ గ్రేడ్ దాకా మెరుగుపరుస్తుంది. దారిలో నక్షత్రాల నుంచి ఇంధనం తోడుకునే ఫ్యూయల్ స్కూప్‌తో ఓ, బీ, ఏ, ఎఫ్, జీ, కే, ఎం తరగతుల నక్షత్రాల దగ్గరే ఇంధనం నిండుతుంది. ఎల్, టీ, వై తరగతుల దగ్గర చుక్క రాదు. ఓడ పేలితే తిరిగి తెచ్చుకోవడానికి దాని విలువలో 5 శాతం కట్టాలి. రెండుసార్లకు సరిపడా క్రెడిట్లు లేకుండా రేవు దాటొద్దు.